చేత్తో చేసి చూసే మ్యూజియంలో పిల్లలు నేర్చుకుంటారా?

ప్రశ్న: "పిల్లలే ముట్టుకుని, తయారుచేసి చూసే మ్యూజియంలలో నిజంగా ఏమైనా నేర్చుకుంటారా? లేక అవి ఖరీదైన ఆటస్థలాలేనా?"

నేర్చుకుంటారు, సందేహమే లేదు. కాకపోతే పక్కనున్న పెద్దవాళ్లు ఊరుకోవాలి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు నేను చూసింది చెప్తాను.

ఒక హాల్లో మనిషి ఎత్తుకు మించిన గాజులాంటి గొట్టం నిలబెట్టారు. అడుగున ఫ్యాన్, గాలిని పైకి తోస్తూ ఉంటుంది. పక్కన బల్ల మీద పేపర్ కప్పులు, కత్తెరలు, టేపు, క్లిప్పులు. పైకి ఎగిరిపోకుండా, కిందికి జారిపోకుండా గొట్టం మధ్యలో తేలే వస్తువు ఏదైనా తయారుచేయాలి, అంతే.

మా పాప కప్పు బోర్లించి వదిలింది. రివ్వున పైనుంచి బయటికొచ్చి ఎవరి తల మీదో పడింది. బరువు కోసం నాలుగు క్లిప్పులు తగిలించింది, అన్నీ ఒకే వైపు. ఈసారి కప్పు పక్కకి ఒరిగి, గొట్టానికి రాసుకుంటూ కిందికి దిగిపోయింది. ఇంకో కప్పు తీసుకుని అంచును చీల్చి, ఆ చీలికల్ని రెక్కల్లా బయటికి మడిచింది. గిర్రున తిరిగింది కానీ మళ్లీ పైకే పోయింది.

నా చేయి ఊరుకోలేదు. ఒక క్లిప్పు తీసి ఎదురు వైపు పెట్టబోయాను. "అమ్మా, నువ్వు పెట్టకు" అంది, దాదాపు ఏడుపు గొంతుతో. అక్కడ సాయం చేయడానికి నిలబడ్డ అమ్మాయి నా వైపు చూసి, "పర్లేదండీ, పాపని చేయనివ్వండి" అని మెల్లగా చెప్పింది. వెనక్కి జరిగాను. ఎనిమిదో కప్పో తొమ్మిదో కప్పో గుర్తులేదు, అంచు చుట్టూ సమాన దూరంలో మూడు క్లిప్పులు పెట్టింది. కప్పు కొంచెం ఊగి, గొట్టం నడుమ నిలబడింది. నిలబడి తిరుగుతూనే ఉంది. పాప చప్పట్లు కొట్టలేదు, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

అన్నిసార్లు తప్పు చేసినా ఒక్కరూ మార్కులు తగ్గించని చోటు పిల్లలకి ఇంకెక్కడుంది చెప్పండి? శాన్‌ఫ్రాన్సిస్కోలో 1969లో ఎక్స్‌ప్లొరేటోరియం అనే ఇలాంటి మ్యూజియం మొదలుపెట్టిన ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ భౌతిక శాస్త్రవేత్త, అణుబాంబు తయారీని నడిపించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కి తమ్ముడు. యూనివర్సిటీ ఉద్యోగం పోయాక ఏళ్ల తరబడి పశువుల్ని పెంచాడు, తర్వాత హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆ స్కూలు పిల్లల దగ్గరే ఆయనకి పిల్లలు చేత్తో చేసి, తప్పులు చేసే నేర్చుకుంటారని తెలిసుంటుందని నా నమ్మకం. ఆ మ్యూజియంలో ప్రదర్శనలు తయారుచేసే వర్క్‌షాప్‌ని కూడా సందర్శకులకి కనపడేలా పెట్టారు. వాటిని ఎలా తయారుచేయాలో చెప్పే పుస్తకాలూ వేశారు, ఎవరైనా చేసుకోవచ్చని. నా దృష్టిలో అదీ మ్యూజియం అంటే.

నాకు కోపం వచ్చేది వేరే వాటి మీద. మేం వెళ్లిన ఆ గొట్టం ఉన్న హాల్లోనే సగం యంత్రాలకి "పనిచేయడం లేదు" అని కాగితం అంటించి ఉంది. ముట్టుకోమని పెట్టిన వస్తువు పాడవుతుంది, సహజమే. రోజూ బాగుచేసే మనిషిని పెట్టకపోతే ఎలా? ఇంకోటి, టచ్ స్క్రీన్లు. వేలితో నొక్కితే బొమ్మ కదలడం ఇంట్లో ఫోన్లోనూ ఉంది, దాని కోసం అంత దూరం రానక్కర్లేదు. అన్నిటికన్నా బాధ, వరసలో వచ్చిన స్కూలు పిల్లలు. ఒక బాబు అప్పుడే కప్పు కత్తిరించడం మొదలుపెట్టాడు, "టైమైపోయింది, పదండి" అని లాక్కెళ్లిపోయారు. కత్తిరించిన కప్పు బల్ల మీదే ఉండిపోయింది.

మేం ఆ రోజు మొత్తం రెండే చూశాం. మిగతా హాళ్లు చూడలేదని మా ఆయన గొణిగారు. నాకు మాత్రం ఏ లోటూ అనిపించలేదు.

వారం తర్వాత ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఊగుతోంది. పాప మంచం మీద పడుకుని దాన్నే చూస్తూ, "అమ్మా, ఒక రెక్క బరువు ఎక్కువైందేమో" అంది. ఆపి చూస్తే, ఒక రెక్క స్క్రూ వదులై రెక్క కిందికి వాలి ఉంది.