ఆ ఎద్దు కొమ్ము నిన్నెవరు సరిచెయ్యమన్నారు?

ఉత్తరం: "అమ్మా, మాది తెనాలి. నాకు ఇద్దరు ఆడపిల్లలు, పెద్దదానికి 8 ఏళ్ళు, చిన్నదానికి 4. అత్తగారితో కలిసే ఉంటాం. పిల్లలు ఫోన్‌కి అలవాటు పడకూడదని ఇంట్లోనే ఏవో క్రాఫ్ట్‌లు చేయిస్తుంటాను, దానికోసం ఎగ్ ట్రేలు, స్వీట్ బాక్సులు, ఐస్‌క్రీం పుల్లలు అన్నీ మంచం కింద దాస్తాను. నేను లేని టైం చూసి మా అత్తగారు అవన్నీ చెత్త బండిలో వేసేస్తున్నారు. మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాం. పెద్దది న్యూస్ పేపర్‌తో గంగిరెద్దు చేసింది. కొమ్ము ఒకటి పైకి ఒకటి కిందకి వచ్చింది, పేరంటానికి అందరూ వస్తారు కదా అని రాత్రి అది పడుకున్నాక నేను సరిచేసి రంగులు కూడా మళ్ళీ వేశాను. చాలా బాగా వచ్చింది, ఇన్‌స్టాలో పెడితే అందరూ మెచ్చుకున్నారు. పండగ అయినప్పట్నుంచి పెద్దది నాతో కూర్చోవట్లేదు, సాయంత్రమైతే నానమ్మ గదిలో వత్తులు చేస్తూ కూర్చుంటోంది. ఆవిడే పిల్లని నా నుంచి లాగేస్తున్నారని నా అనుమానం. మా ఆయనకి చెప్తే మీ ఆడాళ్ళ గొడవ నాకొద్దంటారు. వేరు కాపురం పెడదామని గట్టిగా అడగమంటారా?"

అమ్మాయ్, ముందు నువ్వడిగినదానికి జవాబు చెప్పేసి పక్కన పెడతాను. వేరు కాపురం వద్దు. ఎగ్ ట్రేల కోసం వేరు కాపురం పెట్టినవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు, ఆ పేరు నీకెందుకు. మంచం కింద అట్టపెట్టెలు పేరిస్తే బొద్దింకలొస్తాయి, మైదా జిగురు అంటిన అట్టలైతే ఎలకలు కూడా వస్తాయి, పొద్దున్నే ఇల్లు ఊడ్చేది ఆవిడేనని ఉత్తరంలో ఇక్కడ వెయ్యని చోట నువ్వే రాశావు, ఊడ్చే మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది. జిగురంటే గుర్తొచ్చింది, బైండింగ్ వాళ్ళు పురుగు పట్టకుండా దాంట్లో మైలుతుత్తం కలుపుతారు, ఎవరో చెప్పారని నువ్వూ కలిపెయ్యకు, అది విషం, 4 ఏళ్ళ పిల్ల తిరిగే ఇంట్లో దాని ఊసే వద్దు, ఏ పూటకి కావాల్సినంత ఆ పూట ఉడకేసుకుని మిగిలింది పారబోసెయ్. ఇక ఆ సామానుకి ఒక్క బుట్ట పెట్టుకో. బుట్టలో పట్టినంత వరకు నీది, బయట పడింది ఆవిడ ఇష్టం, ఈ మాట ఆవిడతోనే కూర్చుని చెప్పు, ఒప్పుకుంటారు. అత్తగారి సంగతి అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. నీ ఉత్తరం 4 పేజీలు, ఇక్కడ చిన్నది చేసి వేశాను. అందులో 3 పేజీల నిండా అత్తగారే ఉన్నారు, ఆవిడ ఏమన్నారు, ఎలా చూశారు, చీపురు ఎలా విసిరారు అన్నీ ఉన్నాయి. ఎద్దు తయారీ పక్కన పెడితే నీ పెద్ద కూతురు గురించి ఎంత రాశావో చూసుకున్నావా? 6 లైన్లు. ఆ 6 లైన్లలో ఒక దాని దగ్గర నాకు చెయ్యి ఆగిపోయింది, కాఫీ చల్లారిపోయింది కూడా. "రాత్రి అది పడుకున్నాక నేను సరిచేశాను." ఇంత పెద్ద సంగతిని ఏదో కూరలో ఉప్పు సరిచూసినట్టు రాసేసి మళ్ళీ అత్తగారి మీదకి వెళ్ళిపోయావు.

ఆ గంగిరెద్దు ఎలా చేసిందో నువ్వే వివరంగా రాశావు, అందుకే నాకు కళ్ళకి కట్టినట్టుంది. పేపరు తడిపి ఉండ చేసి దారం చుట్టింది, 4 ఐస్‌క్రీం పుల్లలు విరిచి కాళ్ళు పెట్టింది, చీపురు పుల్లకి కాగితం చుట్టి కొమ్ములు చేసింది, మీ అత్తగారి పాత జాకెట్టు ముక్క మీద కప్పింది, తెగిపోయిన పట్టీలోంచి మువ్వ తీసి మెడకి కట్టింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుందని నానమ్మ చూపిస్తే దాంతోనే ఒళ్ళంతా బొట్లు పెట్టింది. 8 ఏళ్ళ పిల్ల 2 రోజులు కూర్చుంది దానికి. నువ్వు ఒక్క రాత్రిలో కొమ్ము పీకి కొత్తది పెట్టి, ఆ ఎర్ర బొట్ల మీద యాక్రిలిక్ పూసేశావు. పొద్దున్న లేచి చూసి అదేం మాట్లాడలేదు, తీసుకెళ్ళి కింది మెట్టులో వెనక వరసలో పెట్టేసింది అని రాశావు. "సిగ్గుపడింది కాబోలు" అని కూడా రాశావు.

సిగ్గు కాదమ్మా. అది తనది కాదని దానికి అర్థమైంది, వేరే వాళ్ళ బొమ్మని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టింది. పిల్ల నిద్రపోయాక దాని పని మార్చడం, దాని డిబ్బీలోంచి డబ్బులు తీసి కొత్త నోట్లు పెట్టడం నా లెక్కలో ఒకటే. నోటు కొత్తదైతే మాత్రం, పిల్ల దాచుకున్నది అది కాదు.

అదే ఉత్తరంలో ఇంకోచోట ఏం రాశావో గుర్తుందా? ఈ ఏడు కొలువులోకి కొండపల్లి బొమ్మలు కొన్నావట, రోకళ్ళు పట్టుకుని దంచే ఇద్దరాడవాళ్ళు, దగ్గర పెట్టి చూస్తే ఇద్దరి మొహాలూ ఒకేలా లేవట, ఒకావిడకి కనుబొమ్మ కొంచెం పైకుందట, "చేత్తో చేసింది కదా అందుకే అంత ముద్దొచ్చింది" అన్నావు. నిజమే, తెల్ల పొణికి కర్ర చెక్కి, ముక్కలు ముక్కలుగా అతికించి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో మెత్తి చేసే బొమ్మ మిషన్‌లో తీసినట్టు ఎందుకుంటుంది. కొండపల్లి వాళ్ళ చెయ్యి వంకరపోతే డబ్బులిచ్చి కొన్నావు, నీ కూతురి చెయ్యి వంకరపోతే నీకు నిద్ర పట్టలేదు. ప్రతి ఏడూ కొలువులో ఒక్క కొత్త బొమ్మైనా ఉండాలంటారు కదా, ఈసారి మీ ఇంట్లో నిజంగా కొత్తగా పుట్టిన బొమ్మ అదొక్కటే, దాన్నే పాతేశావు.

పేరంటాళ్ళు ఏమనుకుంటారో అన్నావు. ఏమనుకుంటారు, శనగలు పుచ్చుకుని, తాంబూలం కొంగున కట్టుకుని, తర్వాతి ఇంటికి లేటవుతోందనుకుంటారు. ఎద్దు కొమ్ము కొలిచేంత తీరిక సంక్రాంతి నాడు ఎవరికుంది.

కొలిచేది ఒకరే ఉన్నారు. మీ అమ్మగారు. ఆవిడ కనుమ నాడు వచ్చారని రాశావు, వచ్చి కొలువు చూసి "ఇదెవరు చేశారు, నీట్‌గా ఉందే" అన్నారని, నీకు ఎంత సంతోషమైందో కూడా రాశావు. అసలు నాకు అక్కడే నీ మీద జాలేసింది. చిన్నప్పుడు గొలుసు కుట్టు వేస్తే విప్పించి మళ్ళీ వేయించేదట, టేబుల్ క్లాత్ 3 సార్లు విప్పావట, అందుకే నాకిన్ని పనులొచ్చాయి అంటున్నావు. పనులు వచ్చాయి సరే. ఇప్పటికీ మీ పుట్టింటికి వెళ్తే స్టవ్ రెండుసార్లు తుడుస్తానని, చీర ఫాల్ కుట్టేటప్పుడు కూడా ఎవరో వెనక నిలబడ్డట్టుంటుందని అదే పేజీలో రాశావు చూడు, ఆ రెండూ ఒకే కుట్టులోంచి వచ్చినవే. మీ అమ్మగారిని తప్పు పట్టట్లేదు, ఆ రోజుల్లో ఆడపిల్ల అత్తారింట్లో మాట పడకూడదని అందరూ అలాగే పెంచారు, మా అమ్మా అంతే. అయినా ఆవిడ పగలు, నీ కళ్ళ ముందే విప్పించింది. ఏడ్చావో తిట్టుకున్నావో, మళ్ళీ వేసింది మాత్రం నువ్వే, కాబట్టి ఆ టేబుల్ క్లాత్ నీదే. నువ్వు నీ కూతురికి ఆ ఛాన్స్ కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ గదిలోకి ఎందుకు వెళ్తోందో చూద్దాం. పెద్దావిడ కార్తీకానికి ఇప్పట్నుంచే వత్తులు చేసుకుంటున్నారు, పౌర్ణమికి 365 వత్తులు కావాలి, ఇంకా చుట్టుపక్కల వాళ్ళకి ఇవ్వడానికి కావాలి. దూదిలో గింజలు ఏరాలి, విడదీసి సాపు చెయ్యాలి, వేళ్ళకి కాస్త విభూది రాసుకుని నలపాలి. పిల్ల చేసిన వత్తి లావొచ్చినా సన్నమొచ్చినా ఆవిడ ఏమీ అనరు, తీసి అదే కట్టలో వేసేస్తారు. రేపు నేతిలో నానబెట్టి వెలిగించినప్పుడు అందులో మనవరాలిది ఏదో ఎవరికీ తెలీదు. పిల్లకి అక్కడ దొరుకుతున్నది అదీ. తను చేసింది తను చేసినట్టే కట్టలో ఉంటోంది. దీనికి మీ అత్తగారు లాగక్కర్లేదమ్మా, నువ్వు తోసిన పిల్ల ఎక్కడో ఒకచోటికి వెళ్ళాలి కదా, ఫోన్‌లోకి వెళ్ళకుండా నానమ్మ దగ్గరికి వెళ్ళింది, ఆవిడకి నువ్వు దండం పెట్టుకోవాలి. నిష్ఠూరంగా ఉంటే ఉండనీ.

ఇన్‌స్టా గురించి ఒక మాట చెప్పాలి, నీకు కోపమొచ్చినా సరే. ఆ ఫోటో కింద ఏం రాశావు, "మా అమ్మాయి చేసిన గంగిరెద్దు" అని కదూ? కొమ్ము నీది, రంగు నీది, పేరు పిల్లది, మెచ్చుకోలు మళ్ళీ నీకు. నీ చేతిలో పనితనం ఉందమ్మా, ఉత్తరంతో పాటు పంపిన ఫోటోలు చూశాను, ఆ ఊలు పువ్వుల తోరణం నాకే కావాలనిపించింది. అంత పనితనం ఉన్న మనిషివి పిల్ల పేరు అడ్డం పెట్టుకుని ఎందుకు చేస్తావు? బొమ్మలు చెయ్యాలని నీకే ఉంది, పిల్లల కోసం అంటే తప్ప కాసేపు కూర్చునే హక్కు లేదనుకుంటున్నావు, పిల్లల పేరు చెప్తేనే ఎవరూ అడగరు. ఉంటే చేసుకో. రాత్రి ఒంటిగంట దాకా చేసుకో. కొలువులో 5 మెట్లుంటే ఒకటి నీది, మీద నీ పేరు రాసి పెట్టుకో. పిల్ల మెట్టు జోలికి మాత్రం వెళ్ళకు.

పెద్దదానితో ఏం చెయ్యాలంటావా. అటక మీంచి ఆ ఎద్దుని దించు. దాని చేతిలో పెట్టి, "ఇది నువ్వు చేసింది, నేను మార్చకుండా ఉండాల్సింది, తప్పయింది" అను. తల్లి కూతురికి తప్పయిందని చెప్తే మర్యాద పోతుందనేవాళ్ళ మాట వినకు, నా ఇన్నేళ్ళలో అలా మర్యాద పోయిన తల్లి ఒక్కరూ నాకు కనపడలేదు. చెప్పేటప్పుడు చాక్లెట్ ఇవ్వకు, "కానీ బాగుంది కదా ఇప్పుడు" అని తోక తగిలించకు, చిన్నదాన్ని పక్కన పెట్టుకోకు. అది "పర్లేదమ్మా" అనేసి వెళ్ళిపోవచ్చు, వెళ్ళనీ, వెనకాలే వెళ్ళి ముద్దులు పెట్టకు. కొమ్ము పీకేసి మళ్ళీ వంకరగా పెట్టుకుంటుందేమో, పెట్టుకోనీ. అవతల పడేసినా నోరెత్తకు.

ఆ తర్వాత కొన్నాళ్ళు సాయంత్రానికి మిగలని వస్తువులు చెయ్యండి. యూట్యూబ్ చూసి కాదు. మీ వైపు కొబ్బరాకులకి కొదవేముంది, ఆకు చీల్చి వాచీ అల్లండి, కళ్ళజోడు అల్లండి, బూర చుట్టండి. ఆ బూరకి ఫినిషింగ్ ఏముంటుంది చెప్పు, ఊదితే మోగిందా లేదా అంతే, పిల్లది మోగి నీది మోగకపోతే ఇంకా మంచిది. తడి ఇసకలో ఆవాలు చల్లండి, 3 రోజుల్లో పచ్చగా లేస్తాయి, అది మొలిచిన చోట మొలుస్తుంది, నువ్వు రాత్రి లేచి వరస సరిచెయ్యలేవు. ఫోటోలు తియ్యకు. కనీసం ఒక నెల.

చిన్నదాన్ని అక్క మీదకి తోసి "నువ్వు పెద్దదానివి, చెల్లికి నేర్పు" అంటున్నావట, అది ఈ రోజుతో మానెయ్. ఎనిమిదేళ్ళకి ఎవరూ పెద్దవాళ్ళు కారు.

మీ ఆయన సంగతి, "ఆడాళ్ళ గొడవ" అనే మనిషికి పక్కన కూర్చుని కొబ్బరాకు చీల్చే పని అప్పజెప్పు, ఈనె గుచ్చుకుంటే అప్పుడు మాట్లాడతాడు.

ఇంకొకటి, నాలుగు రోజులయ్యాక ఏదో ఒక సాయంత్రం నువ్వు కూడా ఆ గదిలోకి వెళ్ళి కూర్చో. పిల్లని పిలుచుకురావడానికి కాదు, గుమ్మంలో నిలబడి "హోంవర్క్ అయిందా" అనడానికి అసలే కాదు. కింద కూర్చుని కాస్త దూది అడుగు. నీ వత్తి చూసి మీ అత్తగారు వంక పెడతారేమోనని నీకు లోపల గుబులుగా ఉంటుంది, పెట్టరు, పెట్టినా చచ్చిపోవు. పిల్ల ఎదురుగా ఉంటుంది, ఓరగా చూస్తూ ఉంటుంది, చూడనీ. నీది వంకరగా వస్తే విప్పి మళ్ళీ చెయ్యాలని చెయ్యి లాగుతుంది చూడు, అక్కడ ఆపుకుని ఆ కట్టలో వేసెయ్.

ఎగ్ ట్రేలు మాత్రం రెండుంచుకుని మిగతావి పాత పేపర్లవాడికి వేసెయ్, ఆ విషయంలో నేను మీ అత్తగారి పక్షం.