‘దీనమనస్సు’ అంటే దిగులు మనస్సా?

సందేహం: ప్రార్థన కూటంలో యువకులకు పాఠం చెప్పడం కోసం “దేవుని కృప పొందుటకు దీనులమై విధేయత చూపవలెను” అనే వాక్యం రాసుకున్నాను. ఒక కుర్రవాడు లేచి, “‘దీనంగా ముఖం పెట్టాడు’ అంటాం కదా, దేవుడు మనల్ని ఏడుపు ముఖంతో ఉండమంటున్నాడా?” అని అడిగాడు. వినయం అనే చక్కని మాట ఉండగా బైబిలులో ‘దీన’ శబ్దం ఎందుకు వాడారు? విధేయత, లోబడడం ఒకటేనా? నా వాక్యంలో దోషం ఏమైనా ఉందా?

సమాధానం: ఆ కుర్రవాడి ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. దీనంగా చూశాడు, దీనస్వరంతో అడిగాడు, దీనావస్థలో ఉన్నాడు అన్నప్పుడు మన కళ్ల ముందు మెదిలేది కష్టంలో ఉన్న మనిషే తప్ప అణకువ గల మనిషి కాదు. సంస్కృతంలోనూ ఆ శబ్దానికి పేద, దుఃఖితుడు, దిక్కులేనివాడు అన్నవే ప్రధానార్థాలు. కాబట్టి ‘దీనుడు’ అన్న మాటను విడిగా విన్నప్పుడు వినయవంతుడు స్ఫురించకపోవడం సహజమే.

అంతమాత్రాన అనువాదకులు పొరబడ్డారని నేననుకోను. యాకోబు పత్రిక 4:6లో “దేవుడు అహంకారులను ఎదిరించి దీనులకు కృప అనుగ్రహించును” అని ఉంది. యాకోబు ఈ మాటను లేఖనంగా ఉదాహరిస్తున్నాడు. దాని మూలం పాత నిబంధనలోని సామెతలు 3:34, ఆ గ్రంథపు మూలభాష హీబ్రూ. హీబ్రూలో ‘ఆనీ’ అంటే పేద, బాధలు పడినవాడు. ‘ఆనావ్’ అంటే అణకువ గలవాడు. రెండూ ఒకే కుదురు నుంచి పుట్టినవి. వాటి బహువచన రూపాలకు రాతలో ఒక్క అక్షరమే తేడా, ఆ అక్షరాలైన యోదు, వావులు కూడా చూపుకు దగ్గరి పోలిక గలవి. విశేషమేమిటంటే, సామెతలు 3:34లో పాఠంలో రాసి ఉన్నది పేదలనే అర్థమిచ్చే రూపం కాగా, చదివేటప్పుడు పలకవలసినదిగా లేఖకుల సంప్రదాయం సూచించినది అణకువ గలవారనే అర్థమిచ్చే రూపం. అంటే కన్ను పేదవాణ్ణి చూస్తుండగా నోరు వినయవంతుణ్ణి పలుకుతుంది. ఈ రెండర్థాలనూ ఒకే మాటలో పట్టుకోవాలంటే తెలుగులో ‘దీన’ను మించిన శబ్దం దొరకదు. ‘వినయవంతులు’ అంటే పేదరికం జారిపోతుంది, ‘పేదలు’ అంటే మనస్సు జారిపోతుంది.

పైగా ప్రార్థనలో ఈ మాట మనకు కొత్తది కాదు. పోతన గజేంద్రుడు తన బలాన్ని నమ్ముకుని మొసలితో చాలాకాలం పోరాడి, లావు ఒక్కింతయు లేదని ఒప్పుకున్న తరువాతనే “మన్నింపందగున్ దీనునిన్” అంటాడు. అక్కడ దీనత్వం జాలి కోసం వేసిన వేషం కాదు. సొంత బలం చాలదని తెలుసుకున్న స్థితి. మతాలు వేరైనా మాట చేసే పని ఒకటే గనుక ఈ పద్యాన్ని ప్రస్తావించాను.

మీ విద్యార్థికి ముఖ్యంగా చూపవలసినది ‘దీనస్థితి’, ‘దీనమనస్సు’ అనే రెండు సమాసాల మధ్య భేదం. లూకా 1:48లో మరియ, దేవుడు తన దాసురాలి ‘దీనస్థితిని’ కటాక్షించాడని పాడుతుంది. అది ఆమె ఉన్న పరిస్థితి, ఆమె ఎంచుకున్నది కాదు. మత్తయి 11:29లో యేసు తాను ‘సాత్వికుడను దీనమనస్సు గలవాడను’ అని చెబుతాడు. అది ఎంచుకున్న వైఖరి. ఆ మాట చెప్పినవాడు అదే వచనంలో, తన దగ్గర నేర్చుకునేవారి ప్రాణాలకు విశ్రాంతి దొరుకుతుందని అంటున్నాడు. దిగులుతో కుంగినవాడు ఇతరులకు విశ్రాంతిని ఇస్తాననడు కదా! ‘మనస్సు’ చేరగానే ‘దీన’ శబ్దం ముఖకవళికలను వదిలి లోపలి తలంపుకు విశేషణమైంది.

వినయమనే మాటను అనువాదకులు వదిలేశారనడం కూడా సరికాదు. కొత్త నిబంధన మూలభాష గ్రీకు. 1 పేతురు 5:5లో ‘దీనమనస్సు’గా వచ్చిన గ్రీకు మాటే ఫిలిప్పీయులకు 2:3లో ‘వినయమైన మనస్సు’ అయింది. అదే మాట కొలొస్సయులకు 2:18లో తిరిగి కనిపిస్తుంది గాని, అక్కడ పౌలు మెచ్చుకోవడం లేదు. అణకువను ప్రదర్శనకు పెట్టేవారిని గురించి హెచ్చరిస్తున్నాడు. తెలుగులో అక్కడ ‘అతివినయాసక్తుడై’ అని వేశారు. ‘అతివినయం ధూర్తలక్షణం’ అన్న సామెత వింటూ పెరిగిన చెవికి ఆ వచనం మరో వ్యాఖ్య లేకుండానే అర్థమవుతుంది. అనువాదంలో ఇంత చక్కగా అమరిన మాటలు అరుదు. అక్కడ దీనమనస్సు అని పెట్టి ఉంటే ఈ చురక పోయేది.

పేతురు వచనంలో మాత్రం నాకొక చిన్న లోటు కనిపిస్తుంది. “దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని మిమ్మును అలంకరించుకొనుడి” అని తెలుగులో ఉంది. గ్రీకు క్రియకు ముడివేసి కట్టుకోవడం అని అర్థం. దానితో చుట్టరికం గల నామవాచకం, దాసులు పనివేళ పైన కట్టుకునే గుడ్డను చెబుతుంది. అందుకే ఈ వచనం చదివేవారికి, యోహాను 13:4లో యేసు తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడగడానికి వంగిన దృశ్యం గుర్తుకు రావడం సహజం. ‘అలంకరించుకొనుడి’ అనగానే పనిగుడ్డ పండుగ బట్ట అయిపోయింది. ‘నడుముకు కట్టుకొనుడి’ అని ఉంటే అణకువ చేతులతో చేసే పని అని తెలిసేది.

ఇక విధేయత. అమరకోశం విధేయుడికి పర్యాయపదాలు చెబుతూ “విధేయో వినయగ్రాహీ వచనేస్థిత ఆశ్రవః” అంటుంది. ‘వచనేస్థితుడు’ అంటే మాట మీద నిలిచినవాడు. ‘ఆశ్రవుడు’ అంటే వినేవాడు. కొత్త నిబంధనలో విధేయతకు వాడిన గ్రీకు మాటలోనూ వినడమనే ధాతువే ఉంది. హీబ్రూలో వినడానికీ లోబడడానికీ ఒకే క్రియ. తెలుగులో తల్లి ‘వీడు నా మాట వినడు’ అన్నప్పుడు ఆ పిల్లవాడికి చెవుడని ఎవరూ అనుకోరు. ఈ నాలుగు భాషల్లోనూ విధేయత చెవి దగ్గరే మొదలవుతున్నది. అందుకే సమూయేలు సౌలుతో, బలులు అర్పించడం కంటె ఆజ్ఞను ‘గైకొనుట’, పొట్టేళ్ల కొవ్వు అర్పించడం కంటె ‘మాట వినుట’ శ్రేష్ఠమని (1 సమూయేలు 15:22) రెండు మాటలనూ జంటగా వాడాడు. గైకొనుట అంటే చేకొనుట, చేతిలోకి తీసుకొనుట. మొదట చెవి, ఆ తరువాత చేయి.

లోబడడం దీనికి దగ్గరిదే గాని ఇదే కాదు. లోను, పడు అనే మాటలు కలిసి లోబడు అయింది. ఒకరి అధికారపు హద్దులోకి రావడం దాని భావం. ‘నిబంధనలకు లోబడి’ అని కాగితాల మీద రాసేటప్పుడు మనం ఉద్దేశించేది ఆ హద్దునే. నజరేతులో బాలయేసు తల్లిదండ్రులకు ‘లోబడి యుండెను’ (లూకా 2:51) అన్నచోట ఆయన ఉన్న స్థానం చెప్పారు. సిలువ మరణం పొందునంతగా ‘విధేయత చూపినవాడై’ (ఫిలిప్పీయులకు 2:8) అన్నచోట చేసిన పని చెప్పారు. లొంగడం వేరు, అందులో బలవంతపు వాసన ఉంది. ‘దేవునికి లొంగిపోయాను’ అనే వాడుకను తప్పనను గాని, నాకు రుచించదు.

మీ వాక్యంలో పదదోషం లేదు. ఇబ్బంది ‘పొందుటకు’ అనే నిర్మాణంలో ఉంది. ‘నెగ్గుటకు చదువవలెను’ అన్నప్పుడు చదువు సాధనం, నెగ్గడం దాని ఫలం. అదే అచ్చులో ‘కృప పొందుటకు విధేయత చూపవలెను’ అంటే విధేయత వెల, కృప సరుకు అన్నట్టు వినిపిస్తుంది. కృప అనే మాటకే ఇది గిట్టదు. కూలి ఇస్తారు, జీతం ఇస్తారు, కృపను ‘అనుగ్రహిస్తారు’. యాకోబు వాక్యంలో కర్త దేవుడు. దీనులు ‘కు’ విభక్తితో, అంటే పుచ్చుకునేవారి స్థానంలో ఉన్నారు. రోమీయులకు 1:5లో వరుస మరీ స్పష్టం: జనులు విశ్వాసానికి ‘విధేయులగునట్లు’ తాము ‘కృపను’ పొందామని పౌలు అంటున్నాడు, అంటే అక్కడ విధేయతే గమ్యం. నోవహు కథలోనూ అతడు కృప పొందినవాడాయెనని ఆదికాండము 6:8 చెబితే, ఆజ్ఞాపించిన ప్రకారం యావత్తు చేశాడని 22వ వచనం చెబుతుంది.

అలాగని దీనత్వానికీ కృపకూ సంబంధమే లేదని కాదు. లూకా 18:14లో తన్ను తాను ‘తగ్గించుకొనువాడు హెచ్చింపబడును’ అని ఉంది. మొదటి క్రియకు చివర ‘కొను’ ఉంది, అది మనిషి తనకు తాను చేసుకునే పని. రెండవదానికి ‘బడు’ ఉంది, అది మరొకరు చేసే పని. కర్మణి ప్రయోగాలు తెలుగు నుడికారానికి పొసగవని నేను తరచు చెబుతుంటాను. ఇక్కడ మాత్రం దాన్ని తీసివేయమనను, ఎందుకంటే హెచ్చించేవాడి పేరు చెప్పకుండానే ఆయన్ను చూపడం ‘బడు’కే సాధ్యమైంది.

కాబట్టి మీ వాక్యాన్ని “దేవుడు దీనమనస్సు గలవారికి కృప అనుగ్రహిస్తాడు గనుక, మనలను మనం తగ్గించుకుని ఆయన మాట విందాం” అని మార్చుకోవచ్చు. విశేషణంగా ఒకే మాట కావాలంటే ‘దీనమనస్కుడు’ అని రాయండి. ‘దీనమనసుడు’ అనేది సాధురూపం కాదు.