మెక్సికోలో ఏటా అక్టోబర్ 2న స్టూడెంట్స్ ఎందుకు రోడ్డెక్కుతారు?

1968లో జరిగిన కాల్పుల వల్ల. ఆ ఏడు జులైలో మెక్సికో సిటీలో స్టూడెంట్స్ మధ్య ఏదో గొడవైతే పోలీసులు వచ్చి అందర్నీ చితకబాదారు, ఆ తర్వాత సైన్యం ఓ పాత కాలేజీ తలుపుని బజూకాతో పేల్చేసింది, దాంతో యూనివర్సిటీ రెక్టరే ముందుండి ర్యాలీ తీశాడు. స్టూడెంట్సేం గొంతెమ్మ కోరికలు కోరలేదు, రాజకీయ ఖైదీల్ని వదలండి, మమ్మల్ని చితకబాదిన ఆ పోలీసు దళాన్ని రద్దు చెయ్యండి, ఇలాంటివే. సెప్టెంబర్ 13న అయితే, మమ్మల్ని అల్లరిమూక అంటున్నారు కదా అని వేలాది మంది ఒక్క నినాదం కూడా ఇవ్వకుండా నడిచారు, కొందరు నోటికి ప్లాస్టర్ అంటించుకుని మరీ!

మెక్సికో సిటీలోనే జరగాల్సిన ఒలింపిక్స్‌కి పది రోజుల ముందు, అక్టోబర్ 2 సాయంత్రం అక్కడి త్లతెలోల్కో చౌక్‌లో మీటింగ్ జరుగుతుంటే సైన్యం చుట్టుముట్టి కాల్చింది. మఫ్టీలో ఉన్న సైనికులు ఒకర్నొకరు గుర్తుపట్టడానికి ఎడమ చేతికి తెల్ల గ్లవ్ వేసుకున్నారు, అంటే ముందే ప్లాన్ చేసుకున్నట్టే కదా. ప్రభుత్వం ఇరవై ముప్పై మందే పోయారంది, మిగతావాళ్ళ లెక్కల్లో అది 300 దాకా ఉంది, ఇప్పటికీ తేలలేదు.

2014 సెప్టెంబర్ 26 రాత్రి ఇగ్వాలా ఊళ్ళో మాయమైన 43 మంది అయోట్సినాపా టీచర్ ట్రైనింగ్ కుర్రాళ్ళ గురించి వినే ఉంటారు, వాళ్ళు ఆ రాత్రి బస్సుల్ని ఆపి తమ చేతుల్లోకి తీసుకుంది ఈ అక్టోబర్ 2 ర్యాలీకి వెళ్ళడానికే. వాళ్ళ అమ్మానాన్నలు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి నెలా 26న రోడ్డు మీదకొచ్చారు.