అదే వానను మూడుసార్లు కొనకు, బుజ్జీ

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. ఇంటర్న్‌షిప్ డబ్బులు చేతికొచ్చాయి, సిమ్స్ లాంటి, అంటే కంప్యూటర్‌లో ఇల్లు కట్టి మనుషుల సంసారం నడిపే ఆట ఒకటి కొనుక్కోవాలని ఉంది, కొత్తది కొనాలా పాతదా అని అడిగావు. మళ్ళీ "కొత్తదే బాగుంటుంది కదా పెద్దమ్మా, గ్రాఫిక్స్ చూడు" అని జవాబు కూడా నువ్వే చెప్పేశావు. కాస్త ఆగు. పగలంతా బ్యాంకులో జనం లోన్లకు లెక్కలు చూసేదాన్ని, ఈ ఆటల మీద పెట్టిన డబ్బుకు మాత్రం ఇరవై ఏళ్ళు లెక్కే రాసుకోలేదు. మొన్న నీ కోసం కూర్చుని రాశాను. రాశాక కాసేపు మాట రాలేదు.

ముందు వాన సంగతి చెప్తాను. సిమ్స్ 2లో వాన, మంచు కావాలంటే 2007లో వచ్చిన సీజన్స్ అనే ప్యాక్, అంటే అసలు ఆటకు విడిగా కలుపుకునే భాగం, కొనాలి. కొన్నాను. రెండేళ్ళకే సిమ్స్ 3 వచ్చింది, అందులో వాన లేదు. 2012లో దానికీ సీజన్స్ వచ్చింది. కొన్నాను. 2014లో సిమ్స్ 4 వచ్చింది, మళ్ళీ ఆకాశం ఖాళీ. 2018లో మూడో సీజన్స్. పేరు కూడా మార్చలేదు! అదీ కొన్నాను. పెంపుడు కుక్కలయితే నాలుగుసార్లు: 2002, 2006, 2011, 2017. కాలేజీ చదువు మూడుసార్లు: 2005, 2013, 2019. నన్నెవరూ చెయ్యి పట్టుకుని కొనిపించలేదులే, తప్పు నాదే. ప్రతిసారీ మొదట అమ్మేది ఇల్లూ మనుషులే. వానా కుక్కా ఏళ్ళ తరబడి విడివిడిగా వస్తాయి. అన్నీ చేరేసరికి తర్వాతి నంబరు ఆట వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి ఆట ఏ ఏడాదిది అని చూడకు. వంట అయిందా లేదా అని చూడు.

వంట అయిపోయినవాటిలో నాకు సిమ్స్ 2 తర్వాతే ఏదైనా. 2000లో వచ్చిన మొదటి ఆటలో పిల్లలు ఎప్పటికీ పిల్లలే, వయసు అనేదే లేదు. (ఆ ఆట చేసిన విల్ రైట్ ఇల్లు 1991లో ఓక్లండ్ మంటల్లో కాలిపోయింది. మళ్ళీ ఒక్కో సామానూ సమకూర్చుకుంటూ ఉంటే ఆయనకు ఈ ఆలోచన పుట్టిందట.) 2004లో రెండోది వచ్చాక మనుషులు పుట్టడం, పెరగడం, ముసలివాళ్ళవడం మొదలైంది. తల్లి ముక్కు, తండ్రి కళ్ళు పిల్లకు వస్తాయి. ఫ్రిజ్‌లో సరుకులు నిజంగా అయిపోతాయి, ఫోన్ చేసి తెప్పించుకోవాలి.

నేను మూడు తరాలు నడిపిన కుటుంబం ఒకటి ఉండేది. అందులో తాతగారు నిండు జీవితం గడిపి, కోరికలన్నీ తీరి, ఆటలో తృప్తిని చూపే మీటర్ పైదాకా నిండి ఉన్న రోజున పోయాడు. నల్లముసుగు యముడు వచ్చాడు. నాకు గుండె దడ. చూస్తే వెనకాలే హులా నాట్యం చేసే ఆడవాళ్ళు! తాతగారు పూలదండ వేసుకుని, సూట్‌కేసు పట్టుకుని, ఏదో విహారయాత్రకు బయల్దేరినట్టు వాళ్ళతో వెళ్ళిపోయాడు. అసంతృప్తిగా పోయినవాళ్ళకు ఈ వైభోగం ఉండదు. పక్కన మనవరాలు ఏడుస్తోంది, నేనేమో నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి యూపీఎస్ కీచుమని మొదలెట్టింది. సేవ్ చేయలేదు. మళ్ళీ ఆడితే తాతగారు ఇంకో రోజు పోయాడు, ఈసారి మామూలుగా.

ఆ వివరం ఆటలో ఉందని ముందు ఎవరూ చెప్పలేదు, ప్యాక్ కింద అమ్మలేదు. దాన్నే నేను విలువ అంటాను.

సిమ్స్ 3 (2009) తీరు వేరు. ఊరంతా ఒక్కటే. ఇంట్లోంచి బయల్దేరి పార్కుకు, అక్కణ్ణుంచి పక్కవీధి వాళ్ళింటికి మధ్యలో లోడింగ్ లేకుండా నడిచి వెళ్ళొచ్చు. సోఫాకు ఏ రంగు కావాలంటే ఆ రంగు, ఏ డిజైన్ కావాలంటే ఆ డిజైన్ వేసుకోవచ్చు. నేనొకసారి కర్టెన్లకు గద్వాల చీర అంచు రంగులు కుదిరేదాకా ఒక ఆదివారమంతా కూర్చున్నాను. ఇంత సదుపాయం సిమ్స్ 4లో తీసేశారు, రంగులు ఇచ్చినవాటిలోంచే ఏరుకోవాలి. అయితే మూడోది బరువెక్కువ ఆట. 32 బిట్ కాలానిది, 4 జీబీ మించి మెమరీ వాడుకోలేదు. ప్యాకులన్నీ వేసి పెద్ద కుటుంబం నడిపితే సేవ్ చేసేచోట ఎర్రర్ 12 వచ్చి ఆగిపోవడం దాన్ని ఆడేవాళ్ళందరికీ తెలిసిందే. కొంటే రెండు మూడు ప్యాకులతో సరిపెట్టు.

ఇక నీ కన్ను పడిన సిమ్స్ 4. 2014 సెప్టెంబరులో 60 డాలర్లకు అమ్మినప్పుడు దాంట్లో ఈత కొలను లేదు, నడక నేర్చే వయసు పిల్లలు లేరు. కొలను ఆ నవంబరులో వచ్చింది, చిన్నపిల్లలు 2017 జనవరిలో వచ్చారు, పాకే పసివాళ్ళు 2023లో. అన్నీ ఉచితంగానే. 2022 అక్టోబరు నుంచి అసలు ఆటే ఉచితం. అంటే మొదటిరోజే డబ్బు కట్టినవాళ్ళకు లేని కొలను, పైసా పెట్టని నీకు ఉంది. తొందరపడకపోతే ఎంత మిగులుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు. ఇల్లు కట్టడం మాత్రం నాలుగింటిలోనూ ఇందులోనే హాయి. గదిని గదిగా పట్టుకుని పక్కకు జరపొచ్చు. ముఖం తయారుచేసేటప్పుడు బుగ్గను పట్టి లాగితే చాలు. ముంబై వీధి ఫ్యాషన్ చూసి చేసిన బట్టల కిట్ కూడా ఒకటుంది.

కానీ ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టుంటుంది దీని వ్యవహారం. పెద్ద ప్యాక్ ఒక్కోటి అసలు ధరకు 40 డాలర్లు. చిన్నాపెద్దా అన్నీ కలిపితే వెయ్యి డాలర్లు దాటుతుంది. మన రూపాయల్లో ధర వేరుగా పెడతారు, అయినా అంతా కొందామనుకుంటే నీ ఇంటర్న్‌షిప్ డబ్బులు చాలవు. పక్కింటికి వెళ్ళాలన్నా లోడింగ్ తెర. మనుషులు కూడా, ఎంత ముద్దుగా ఉన్నా, కాస్త మెత్తనివాళ్ళు. పొయ్యి మీద నుంచి మంటలేచినా రెండో నిమిషానికి మళ్ళీ హుషారు. నా మనసుకు అది ఆనదు, నీకు నచ్చొచ్చు.

ఇన్‌జాయ్ గురించి కూడా అడిగావు. 2025 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌లో వచ్చిన కొరియా వాళ్ళ ఆట, 40 డాలర్లు. వీధి, బట్టలు, వెలుతురు చూస్తే నిజంగానే నోరు తెరుస్తాం. కానీ అది కనీసం ఆర్‌టీఎక్స్ 2060 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీ ర్యామ్ అడుగుతుంది. హాస్టల్‌లో నీ పాత ల్యాప్‌టాప్ మీద పెడితే ఫ్యాన్ మోతకు నీ రూమ్మేట్ బయటికి పంపేస్తుంది. ఎర్లీ యాక్సెస్ అంటే వంటింట్లో ఇంకా తాలింపు వేస్తున్నారని అర్థం. లైఫ్ బై యూ అనే ఇలాంటి ఆటకే ఎంత ఆశపడ్డామో, దాన్ని 2024 జూన్‌లో విడుదల కాకుండానే రద్దు చేశారు. రాబోయే అప్‌డేట్లను నమ్మి డబ్బు కట్టకు. ఈ రోజు అందులో ఏముందో దానికే కట్టు.

పాతవన్నీ బంగారం అంటున్నానని అనుకోకు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆట చూడు. 1996లో సూపర్ నింటెండో మీద మొదలైన హార్వెస్ట్ మూన్ ఆటల మీది ఇష్టంతో ఎరిక్ బెరోన్ అనే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామ్ అన్నీ తానే చేసి 2016లో 15 డాలర్లకు అమ్మాడు. ఆ తర్వాత నలుగురు కలిసి ఆడే వీలు, 2024లో పెద్ద అప్‌డేట్ 1.6, ఏవీ డబ్బుకు కాదు. నేను ఆడిన కొత్తవాటిలో పాతదాన్ని అన్ని విధాలా మించింది ఇదొక్కటే. పైగా నీ ల్యాప్‌టాప్‌కు చెమట కూడా పట్టదు. ఇళ్ళూ సంసారాలూ కాకుండా మడీ చేనూ కావాలనిపిస్తే ఇంకో ఆలోచన పెట్టుకోకు.

సరే, ఇప్పుడు చేయాల్సింది. ఈ నెలంతా సిమ్స్ 4 ఉచితంగా దించుకుని ఒక్క ప్యాక్ కూడా కొనకుండా ఆడు. "అబ్బా, ఇది లేదే" అనిపించినప్పుడల్లా ఫోన్‌లో రాసిపెట్టుకో. వారం తర్వాత చూసుకుంటే అందులో సగం నీకు గుర్తు కూడా ఉండవు. మిగిలినవాటిలో ఒకే ఒక్క ప్యాక్, అదీ సగం ధరకు పెట్టినప్పుడు. వాళ్ళు తరచూ పెడతారు.

ఇళ్ళకన్నా మనుషుల కథే నీకు ఎక్కువ పట్టుకుంటే సిమ్స్ 2 కొను. 2025 జనవరిలో పాతికేళ్ళ సందర్భంగా మొదటిదీ రెండోదీ మళ్ళీ విడుదల చేశారు, రెండూ కలిపి 40 డాలర్లు. రెండోదానికి వచ్చిన ఎనిమిది పెద్ద ప్యాకులూ అందులోనే ఉన్నాయి, వానతో సహా. ఒక ఫర్నిచర్ కంపెనీ సామాన్ల చిన్న ప్యాక్ మాత్రం లేదు, దానికేం బెంగ అక్కర్లేదు. కొత్త మెషీన్ల మీద మొదట్లో ఆగిపోతోందని చాలామంది అన్నారు, తర్వాత సరిచేస్తూ వచ్చారు. అందుకే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోనే కొను. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి ఇస్తారు. మొదటి గంటలోనే పెద్ద ఇల్లు తెరిచి, పదిమందిని పార్టీకి పిలిచి చూడు. ఆగిపోయేదైతే అక్కడే ఆగిపోతుంది.

వంద రూపాయల నకిలీ సీడీలు ఇప్పుడు లింకుల రూపంలో తిరుగుతున్నాయి, వాటి జోలికి పోకు. 2002లో ఒక దుకాణంలో నేను కొన్న నకిలీ సీడీ పుణ్యమా అని మీ తాతయ్య పింఛను లెక్కలున్న ఫ్లాపీతో సహా మొత్తం పోయింది. వైరస్ అని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కరెంటు హెచ్చుతగ్గుల మీదికి తోసేశాను. మీ అమ్మ ఇప్పటికీ అదే నమ్ముతోంది.

నీ ల్యాప్‌టాప్ వెనకాల స్టిక్కర్ ఉంటుంది, ఫోటో తీసి పంపు. ర్యామ్ ఎంతో సెట్టింగ్స్‌లో చూసి అది కూడా రాయి. అవి చూశాకే చెప్తాను, ఈలోగా ఏదీ కొనకు.

పెద్దమ్మ