వాయిదా ఎప్పుడు, ఏ హాల్లో?

ప్రశ్న: మా నాన్నగారు రోడ్డు ప్రమాదంలో పోయారు. పరిహారం కోసం బెంగళూరులో కేసు వేశాం. వకీలుగారు ఫోను ఎత్తడం లేదు. వాయిదా ఎప్పుడో, ఏ కోర్టులోనో తెలుసుకునేదెలా? – పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: కోర్టు కేసుల వివరాలు చూపే ప్రభుత్వ ఈకోర్ట్స్ యాప్‌లో గానీ వెబ్‌సైట్లో గానీ కేస్ స్టేటస్‌లోకి వెళ్లి కర్ణాటక, బెంగళూరు, ఆపైన కోర్టు కాంప్లెక్సు ఎంచుకోండి. జిల్లాల్లో బెంగళూరు, బెంగళూరు రూరల్ వేరువేరుగా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా తడబడేది కేసు రకం దగ్గర. ఆంధ్ర, తెలంగాణల్లో ప్రమాద పరిహారం కేసును ఎం.వి.ఓ.పి. అంటారు, ఇక్కడ అది ఎం.వి.సి. మీ చేతిలో ఉన్నది ఫైలింగ్ నంబరా (కాగితాలు దాఖలు చేసినప్పుడు ఇచ్చేది), రిజిస్ట్రేషన్ నంబరా (కేసు నమోదయ్యాక ఇచ్చేది) అన్నది కూడా చూసుకోండి. ఒకదాని గడిలో మరొకటి కొడితే ఎవరిదో కేసు తెరుచుకుంటుంది.

నంబరే లేకపోతే పేరుతో వెతకండి. మొత్తం పేరు కొట్టకండి, మొదటి 3, 4 అక్షరాలు చాలు. శ్రీనివాస్‌ను ఒకరు ‘ఎస్ ఆర్ ఐ’ అని, ఇంకొకరు ‘ఎస్ హెచ్ ఆర్ ఐ’ అని ఎక్కిస్తారు. ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో చెప్పలేం. అందుకే మీ పేరుతో రాకపోతే అవతలి పార్టీ పేరుతో చూడండి.

కేసు తెరుచుకోగానే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి. ‘కేఏ’తో మొదలై, చివరి 4 అంకెలు సంవత్సరంగా ఉంటుంది. ఇకపై అదొక్కటి కొడితే చాలు, మధ్యలో ఖాళీలు, గీతలు వద్దు. తర్వాతి వాయిదా తేదీ కిందే కోర్టు నంబరు కూడా ఉంటుంది. ‘ఎస్.సి.సి.హెచ్.’ (స్మాల్ కాజెస్ కోర్టు హాలు) పక్కన ఉన్న అంకె మీ హాలుది. ఈ హాళ్లు కొన్ని కెంపేగౌడ రోడ్డులోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్నాయి, కొన్ని మేయో హాలు అనే కోర్టు భవనంలో. భవనం ఏదో ముందే రూఢి చేసుకోండి. పొరపాటున ఒకచోటికి వెళ్లి, అక్కణ్ణుంచి ఆ ట్రాఫిక్‌లో రెండోచోటికి చేరేలోగా మీ కేసు పిలిచేస్తారు.

వాయిదా ముందురోజు సాయంత్రం మళ్లీ చూడండి. గడిచిపోయిన తేదీయే కనబడుతోందంటే ఆ రోజు వివరాలు ఇంకా ఎక్కించలేదని అర్థం. అప్పుడు నేరుగా హాలుకు వెళ్లి, నంబరు రాసిన చీటీతో బెంచ్ క్లర్కును అడగండి. జడ్జిగారు సెలవులో ఉన్నా కొత్త తేదీ చెప్పేది ఆ క్లర్కే. వెళ్లిన రోజు తలుపు దగ్గర అంటించిన జాబితాలో మీ వరుస సంఖ్య చూసుకోండి.

వకీలు ఇక పలకరనే అనిపిస్తే జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఇది మీ హక్కు, మొహమాటపడకండి.

ప్రశ్న: అప్పు దావాలో కన్నడంలో సమన్లు వచ్చాయి. నాకు చదవడం రాదు. – పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: మన లిపికి దగ్గరే కదా, నిదానంగా చూస్తే ‘దినాంక’ అన్న మాట పోల్చుకోగలరు. హాజరు కావాల్సిన తేదీ దాని పక్కనే ఉంటుంది. ‘ఓ.ఎస్.’ నంబరు (దావా నంబరు), ‘సి.సి.హెచ్.’ నంబరు (సిటీ సివిల్ కోర్టు హాలు నంబరు) రాసుకోండి. సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. వెళ్లకుండా ఊరుకుంటే ఏకపక్షంగా డిక్రీ అవుతుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు మళ్లీ 30 రోజులే.

ప్రశ్న: బళ్లారి పొలం కేసు అప్పీలు హైకోర్టులో ఉంది. బెంగళూరు జాబితాలో కనబడటం లేదు. – పాఠకుడు, యశవంతపుర

జవాబు: బళ్లారి జిల్లా కేసులు ధారవాడ బెంచికి వెళ్తాయి. హైకోర్టు సైట్లో బెంగళూరు బదులు ధారవాడ ఎంచుకోండి. మర్నాటి జాబితా ముందురోజు సాయంత్రం వస్తుంది. అసలు జాబితాతో ఆపకుండా అనుబంధ జాబితా కూడా తెరవండి, కేసు అందులో ఉండవచ్చు.