పాత డెస్క్‌టాప్‌ ఇంటి సర్వర్‌గా పనికొస్తుందా?

అమలాపురంలో పదేళ్ల నాటి డెస్క్‌టాప్ ఖాళీగా ఉంది, దాన్ని సర్వర్‌గా, అంటే ఇంట్లో ఫోన్లన్నీ వాడుకునే ఫైళ్ల కంప్యూటర్‌గా మార్చి ఇంటిల్లిపాదీ ఫోటోలు దాచుకోవచ్చా అని ఒకరు అడిగారు. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే నిక్షేపంలా పనికొస్తుంది.

ముందు క్యాబినెట్ విప్పండి. కోనసీమ చెమ్మకి దుమ్ము ముద్దకట్టి ఫ్యాన్ రెక్కలకు పట్టేస్తుంది, బ్రష్‌తో దులపండి. ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు పట్టీని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి; బూట్ కాకపోవడానికి తరచూ ఆ మకిలే కారణం. మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ కొత్తది వేయండి. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తాయి. బయోస్‌లో 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్'ని 'పవర్ ఆన్'లో పెడితే కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది.

120 జీబీ ఎస్ఎస్‌డీలో బొమ్మల తెర (డెస్క్‌టాప్) లేకుండా డెబియన్ అనే లినక్స్, ఫోటోలకి వేరే హార్డ్ డిస్క్, ఇంట్లో ఫైళ్లు పంచుకోడానికి సాంబా అనే సాఫ్ట్‌వేర్ చాలు. పాత డిస్క్ అయితే దాని ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో చూడండి. రీఎలొకేటెడ్ సెక్టార్ల (పాడై వేరేచోటికి మార్చిన భాగాల) లెక్క పెరుగుతుంటే దాన్ని నమ్మొద్దు. రౌటర్‌లో సర్వర్ ఐపీని (నెట్‌వర్క్ చిరునామాని) మారకుండా కేటాయించి ఉంచండి, లేకపోతే ఫోన్లకి ఒక్కోరోజు సర్వర్ కనిపించదు.

రాత్రీ పగలూ నడుస్తూ 50 వాట్లు లాగితే నెలకి 36 యూనిట్ల కరెంటు. 600 వీఏ యూపీఎస్ తప్పనిసరి, రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. ఫోటోల రెండో కాపీ విడి డిస్క్‌లో, వరద నీరు అందనంత ఎత్తులో దాచండి.