గౌరి చూడని దారి

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు గుర్రపు స్వారీలో మూడు భాగాలుండే ఈవెంటింగ్ పోటీకి పేరు ఇచ్చావనీ, వచ్చే నెల నీ గుర్రం గౌరిని బెంగళూరు తీసుకువెళ్తున్నావనీ మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. ఆ రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ ఈ ఆటలో బంగారు పతకం గెలిచినప్పుడు నేను కాలేజీ కుర్రవాణ్ణి. ఆ వార్త చదివిన రోజే గుర్రం ఎక్కాలని పట్టుబట్టాను. మన ఇంట్లో మళ్లీ ఆ పట్టు పట్టినదానివి నువ్వే. ఫోనులో చెబితే సగం మరచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందు చెబుతాను. పోటీకి ముందు క్రాస్ కంట్రీ దారిని, అంటే ఆరుబయట అడ్డంకులు దూకుతూ పరుగు తీసే దారిని, నువ్వు కాలినడకన ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. గుర్రానికి మాత్రం చూపించకూడదు. అది నియమం. దుంగలు, గోతులు, గట్లు, నీళ్లు అన్నీ గౌరి పరుగులో ఉండగానే మొదటిసారి చూస్తుంది. కాబట్టి నువ్వు దారి నడిచేటప్పుడు నీకోసం కాదు, దానికోసం నడవాలి.

నా మొదటి పోటీ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఉదయం ఏడింటికి దారంతా నడిచి చూశాను. తొమ్మిదో అడ్డంకి చింతచెట్ల కింద పడి ఉన్న దుంగ, ఎత్తు మోకాలికి కాస్త పైన. ఆ వేళ ఏటవాలు ఎండ చెట్ల కిందికంటా వచ్చి, దుంగ బెరడు మీది పగుళ్లు కూడా కనిపించాయి. ఇందులో ఏముందిలే అని ముందుకు సాగిపోయాను. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. ఎండ నడినెత్తికి వచ్చింది, చెట్ల కింద చిక్కటి నీడ పరుచుకుంది. వెలుతురులోంచి దౌడు తీస్తూ వచ్చిన గుర్రం ఆ నీడ అంచు దగ్గర ముందుకాళ్లు రెండూ నేలలో గుచ్చి నిలబడిపోయింది. చెవులు దుంగ వైపు నిక్కి ఉన్నాయి. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. దాని గుండె నా పిక్కలకు తగులుతూ కొట్టుకుంటోంది. నేను మడమలతో పొడిచాను. మళ్లీ ఆగింది. మూడోసారీ ఆగింది. అంతటితో పోటీ నుంచి తొలగించారు.

ఆ రోజు గుర్రాన్ని తిట్టాను. తప్పు నాది. వెలుతురులోంచి చీకట్లోకి వెళ్తే గుర్రం కన్ను సర్దుకోవడానికి మన కన్నుకన్నా ఎక్కువసేపు పడుతుంది. నాకు దుంగ కనిపించింది. దానికి కనిపించింది నల్లటి గొయ్యి. నేను పది గజాల ముందే వేగం తగ్గించి, ట్రాట్‌లోకి, అంటే నెమ్మది పరుగులోకి, దించి, నీడను చూసుకునే వ్యవధి ఇచ్చి ఉంటే అది దూకేది.

అందుకే దారిని ఒకసారి తీరిగ్గా నడువు, రెండోసారి సరిగ్గా నీ వంతు వచ్చే గంటకు నడువు. ప్రతి అడ్డంకి దగ్గరా ఎండ ఎటు నుంచి పడుతుందో చూడు. అడ్డంకికి కట్టిన ఎరుపు జెండా నీ కుడిచేతికి, తెలుపు ఎడమచేతికి ఉండాలని నీకు తెలుసు. కానీ ఎరుపు, ఆకుపచ్చ గుర్రానికి వేరువేరుగా కనిపించవు. గడ్డి మధ్య ఎర్ర రంగు పూసిన అడ్డంకి నీకు కొట్టొచ్చినట్టు కనిపించినా దానికి గడ్డిలో కలిసిపోవచ్చు. ఇంకొక సంగతి, నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద ఉన్నది గుర్రానికి కనిపించదు. దగ్గరికి వచ్చాక అడ్డంకి దాని చూపు నుంచి తప్పుకుంటుంది. దూరం నుంచే అంచనా వేసుకోవాలంటే తల ఎత్తాలి, తల ఎత్తాలంటే నీ పగ్గాలు వదులివ్వాలి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న సామెత పట్టుకుని కళ్లెం బిగించేవాళ్లను చాలామందిని చూశాను. గౌరి దగ్గర ఆ సామెత వద్దు. అది మొండి గుర్రం కాదు, అనుమానపు గుర్రం.

నీళ్ల గురించి. రోజూ భీమిలి తీరంలో అలల్లో నడిచే గుర్రానికి నీటి అడ్డంకి ఒక లెక్కా అన్నాడు మీ నాన్న. నేను ఒప్పుకోను. అల వచ్చి వెనక్కి పోతుంది, పోయినప్పుడు కింద ఇసుక కనిపిస్తుంది. కదలని నీళ్లలో ఆకాశం మెరుస్తుంది తప్ప అడుగు కనిపించదు. సముద్రంలోకి నిర్భయంగా దిగిన గుర్రం పొలంలో బెత్తెడు నీళ్ల ముందు కొయ్యబారి నిలబడటం నేను కళ్లారా చూశాను. ఈ నాలుగు వారాలూ మడమ లోతు నిలవ నీళ్లలో దాన్ని నడిపించు. ముందు కర్రతో నువ్వు దిగి అడుగు గట్టిగా ఉందో లేదో చూడు. తర్వాత అది తల వంచి, వాసన చూసి, గిట్టతో నీళ్లు చిమ్మేంతవరకు ఆగు. తొందరపెట్టకు.

తీరంలో పరుగు కూడా తగ్గించు. పొడి ఇసుకలో కాలు కూరుకుపోయి స్నాయువుల మీద భారం పడుతుంది. తడిసి గట్టిపడిన ఇసుకలో మాత్రమే, అదీ కొద్దిసేపే. గట్లు ఎక్కి దిగడానికి జీడితోటల వైపు వెళ్లు. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం గుర్రాన్ని తీసుకువెళ్లవద్దు, అవి వేల ఏళ్ల పాటు పేరుకున్న ఇసుక, ఒక్క గిట్ట దెబ్బకు రాలిపోతాయి.

ఇక లెక్క చూసుకో. క్రాస్ కంట్రీలో ఒకసారి ఆగితే 20 పెనాల్టీలు, అదే చోట మళ్లీ ఆగితే ఇంకో 40. గడువు దాటిన ప్రతి సెకనుకూ 0.4. అంటే ఒక్కసారి ఆగడం 50 సెకన్ల ఆలస్యంతో సమానం. టోక్యో ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో మన ఫవాద్ మీర్జా గడువుకన్నా 28 సెకన్లు ఆలస్యంగా వచ్చి 11.20 పెనాల్టీలు తెచ్చుకున్నాడు. కానీ అడ్డంకుల దగ్గర ఒక్క పెనాల్టీ కూడా లేదు. ఆఖరికి 23వ స్థానంలో నిలిచాడు. అంతటివాడే సెకన్లు వదులుకున్నాడు, నువ్వూ వదులుకో. మొదటి పోటీలో చేతి గడియారం వైపు చూడకపోయినా నేనేమీ అనను.

గుర్రం చేత పద్ధతిగా కదలికలు చేయించే డ్రెస్సాజ్‌కు భయపడకు. ప్రతి కదలికకూ విడిగా సున్నా నుంచి పది వరకు మార్కులుంటాయి. ఒకటి చెడితే అది అక్కడే పోయింది, దాన్ని తలుచుకుంటూ తర్వాతిది చెడగొట్టకు. మైదానంలో కర్రల మీదుగా దూకే షో జంపింగ్‌లో కర్ర పడితే 4 పెనాల్టీలు. అలసిన గుర్రం కాళ్లు ఎత్తదు, కాబట్టి ముందు దూకుళ్లు తక్కువ చేయించు.

ప్రయాణం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బెంగళూరు మనకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. లారీలో తల పైకి కట్టేసి గంటల తరబడి నిలబెడితే ముక్కులోని దుమ్ము, చీమిడి కిందికి జారక ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం వస్తుంది. నాలుగు గంటలకొకసారి ఆపించు, తాడు వదులు చేసి తల నేల వరకు దించుకోనివ్వు, తడిపిన గడ్డి పెట్టు, నీళ్లు చూపించు. దిగాక ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత చూడు. 38.5 డిగ్రీలు దాటితే పోటీ సంగతి మరచిపోయి పశువైద్యుణ్ణి పిలువు. పోటీకి రెండు మూడు రోజుల ముందే చేరుకోవాలి.

పరుగు అయ్యాక చల్లటి నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని పాతవాళ్లు ఎవరైనా చెబితే వినకు. నేనూ ఒకప్పుడు నమ్మాను. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఉక్క కోసం చేసిన పరిశోధనలు అది అపోహేనని తేల్చాయి. ధారాళంగా పొయ్యి, నడిపించు, మళ్లీ పొయ్యి. నీ సంగతికి వస్తే, ఛాతీ కవచం వేసుకోకుండా క్రాస్ కంట్రీకి వెళ్లవద్దు. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్లీ పెట్టుకోవద్దు. కొత్తది కొనడానికి డబ్బు నేనిస్తాను, నాన్నను అడగకు.

శనివారం పన్నెండు గంటలకు గౌరిని తోటకు తీసుకురా. పెద్ద జీడిచెట్టు కింద దుంగ వేయించి ఉంచుతాను. ఉదయం రావద్దు, పన్నెండుకే రా.

మీ పెదనాన్న